పథ్యం లేని మందు

మా వీధిలో నర్సు పనికి కొత్తగా చేరిన పిల్ల ఒకతి ఉంది. మొన్న సాయంత్రం వచ్చి కూర్చుని, "అవ్వా, కొంచెం ఉబ్బసం ఉండేవాళ్లకు ఇప్పుడు పీల్చే మందు మారుస్తాండారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది ఒక్కటే ఇచ్చి పంపేది లేదంట. రోజూ పీల్చేది కూడా ఇయ్యాలంట. మాదేముంది, చీటీ చూసి డబ్బా చేతికిచ్చేది. అంతే పని" అంది.

అంతే పని! ఈ మాట నేను మొదటిసారి వినింది కోయిలకుంట్లలో, ఈ పిల్ల తల్లి కూడా పుట్టని రోజుల్లో. అన్నవాడు పెద్ద చదువు చదివిన డాక్టరు. ఆ మాటకు ఖరీదు చెల్లించింది వేరే మనిషి. అందుకే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి మారాను, రిటైరైన రోజు ఎన్ని దండలు వేశారు అన్నవి రాయను. అవి చదివి ఎవరికీ సూది వేయడం రాదు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి. పొద్దు వాలాక వాకిట్లో ఇసుక పోసి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. మందుల పని ఒక పాత డాక్టరమ్మ తన చేతికింద పెట్టుకుని నేర్పింది. వాళ్లిద్దరికీ, వాళ్లను నాకిచ్చిన దేవునికీ కృతజ్ఞత చెప్పుకోకుండా నేను ఏ రాత్రీ పడుకోలేదు. మిగతావాళ్ల సంగతి అంటారా, అది చెప్పడానికే కూర్చున్నాను.

మా డాక్టరు

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన రోజులవి. మా డాక్టరు కోస్తావాడు. రాజధానికి దగ్గరగా బోర్డు కడితే మంత్రుల నాడి పట్టుకోవచ్చని వచ్చినట్టున్నాడు. తీరా చూస్తే జొన్నచేల మధ్య మా నాడి పట్టుకోవలసి వచ్చింది. ఆ కోపం మా మీద ఆయనకు ఏనాడూ పోలేదు. ఎండ మేం చేసిందే అన్నట్టు, నీళ్లు ఉప్పగా ఉండడం మా తప్పే అన్నట్టు చూసేవాడు.

చేయి మాత్రం మంచిది, అది ఒప్పుకోవాలి. నరం కనబడని ముసలివాళ్ల చేతిలో కూడా మొదటి పోటుకే సూది దించేవాడు. చెవులే మంచివి కావు. రోగి రెండో మాట ఎత్తేలోపు మందు రాసి చేతిలో పెట్టేవాడు.

ఆయనకు అన్నిటికన్నా అసహ్యం పథ్యం. మా వైపు ఏ నాటువైద్యుడైనా మందుతో పాటు పథ్యం చెప్తాడు. చింతపండు తినకూడదు, వంకాయ ముట్టకూడదు, చల్లనీళ్లు పోసుకోకూడదు, ఎండలో తిరగకూడదు. పథ్యం ఎంత గట్టిదైతే మందు అంత గట్టిదని మా జనం లెక్క. డాక్టరు ఇది విని పళ్లు కొరికేవాడు. "మాది ఇంగ్లీషు మందు. పథ్యం లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, అదేదో తానే కనిపెట్టినట్టు. జనానికీ అది నచ్చింది. చింతపులుసు తింటూ రోగం పోగొట్టుకోవచ్చంటే ఎవరికి చేదు?

బుడ్డి

అప్పట్లో ఉబ్బసానికి మా పల్లెల్లో పొగమందు వాడేవారు. ఎండిన ఉమ్మెత్తాకు, సూరేకారం కలిపి దంచి, మూకుట్లో నిప్పు వేసి దానిమీద చల్లి, ఆ పొగ పీల్చడం. దాని పథ్యం పెద్దది. పొగ పీల్చినాక చెమట ఆరేదాకా మంచం దిగకూడదు. పొయ్యి దగ్గరికి పోకూడదు. రోకలి పట్టకూడదు, చేట ముట్టకూడదు, దుమ్ములోకి పోకూడదు. పోతే ఆ పొగే విషమై తలకెక్కుతుందని చెప్పేవారు. ఉమ్మెత్త సంగతి తెలిసినవాళ్లు కాబట్టి అందరూ భయపడేవారు.

మద్రాసు నుంచి మందుల కంపెనీ మనిషి ఒకడు బుడ్డి పట్టుకొచ్చాడు. అది గాజుగొట్టం, దాని చివర నిమ్మకాయంత రబ్బరు బుడ్డి. గాజులో మందు పోసి, మొన నోట్లో పెట్టుకుని, ఊపిరి లోపలికి లాగుతూ బుడ్డి నొక్కితే మందు మంచులాగా లేచి రొమ్ములోకి పోతుంది. మందు నల్లసీసాలో వచ్చేది. మా ఎండకు అది గులాబీ రంగు తిరిగితే పారబోయాలి. సీసాను నేను నీళ్లకుండ కింద తడి ఇసుకలో పెట్టి కాపాడేదాన్ని. మంచి మందే. నిమిషాల్లో ఊపిరి విప్పేది. దాన్ని తక్కువ చేయను.

మనుషులకు మాత్రం అది మందుకన్నా ముందు షోకు అయింది. బజారులో అత్తరు అమ్మే సాహెబు ఒకాయనకు ఇచ్చి, నోట్లో పెట్టుకునే పద్ధతి ఒకటికి రెండుసార్లు చూపించి పంపాను. వారం తర్వాత వచ్చి, "బుడ్డి మస్తుగా ఉండాదమ్మా, వాసనే తక్కువ" అన్నాడు. వారమంతా మెడకీ చొక్కాకీ కొట్టుకున్నాడు. మా డాక్టరు ఆ రోజంతా సాహెబును తిట్టాడు. పెద్దరెడ్లు కొందరు బుడ్డిని చేతిగడియారం లాగా పదిమందిలో బయటికి తీసేవారు. వాళ్లను ఒక్కమాట అనలేదు.

"స్వల్పం"

లచ్చుమమ్మను వాళ్ల అత్త గంగమ్మ తీసుకొచ్చింది. పక్క పల్లెలో పెద్ద సేద్యపు ఇల్లు వాళ్లది. కూలీలతో కలిపి పూటకో పెద్ద పంక్తికి వంట, కూలీలకు కళ్లానికి సంగటి మోయడం, దంపుళ్లు, చెరగడాలు. అన్నీ ఈ అత్తాకోడళ్ల మీదే. లచ్చుమమ్మ బక్కపలచటి మనిషి, ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది.

"రోగం పెద్దది గాదు సామీ," అంది గంగమ్మ. "ఆ పొగతోనే చావొచ్చింది. ఇల్లంతా కంపు. చుట్టాలొస్తే ముక్కు మూసుకుంటాండారు. రెడ్డి కోడలు బీడీ తాగుతాదని ఊర్లో అంటాండారు. ఏదన్నా కంపులేని మందుంటే ఇయ్యండి."

డాక్టరు రొమ్ముమీద గొట్టం పెట్టి విన్నాడు. అది సంతరోజు. లచ్చుమమ్మ ఎద్దులబండిలో వెనక్కి ఆనుకుని కూర్చుని వచ్చింది. ఆమెకు వారం మొత్తంలో దొరికిన విశ్రాంతి ఆ బండిలోనే. బండి దిగిన మనిషి రొమ్ములో ఏం వినబడుతుంది?

"స్వల్పం. మైల్డ్" అన్నాడు డాక్టరు.

ఈ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడ కూర్చున్నప్పుడు స్వల్పం? కుర్చీలోనా, కళ్లంలోనా? ఎవరికి స్వల్పం? గొట్టం ఈ కొసన ఉన్నవాడికా, ఆ కొసన ఉన్నదానికా? నలభై ఏళ్లు ఎంతోమంది డాక్టర్ల పక్కన నిలబడ్డాను. ఈ ప్రశ్న తమను తాము వేసుకున్నవాళ్లను ఒక చేతి వేళ్ల మీద చెప్పగలను, ఇంకా వేళ్లు మిగులుతాయి.

బుడ్డి చూపించి నొక్కే విధం చెప్పాక గంగమ్మ అడిగింది. "పథ్యమేం జెప్తారు సామీ?"

"పథ్యమా! ఇది ఇంగ్లీషు మందమ్మా. తినేది తినొచ్చు, చేసే పని చేసుకోవచ్చు. నొక్కడం, పీల్చడం. అంతే పని."

"పని జేసుకోవచ్చునా?"

"ఎంత పనైనా."

గంగమ్మ ముఖం చూడాలి, పొలం బావిలో నీళ్లు పడినట్టు వెలిగింది. లచ్చుమమ్మ తల ఎత్తకుండా, "నాకు ఆ పొగమందే బాగుండె సార్" అంది.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "విన్నారా సిస్టర్? మేం మద్రాసు నుంచి మందు తెప్పిస్తాం, వీళ్లకు మూకుడూ పొగా కావాలి. ఈ సీమను దేవుడే బాగుచేయాలి."

ఎందుకు బాగుండేదని అడగలేదు. అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

బుడ్డి బాగా పనిచేసిన రోజులు

తర్వాత సంతల్లో గంగమ్మ ఒకతే వచ్చేది, డాక్టరుకు దండం పెట్టడానికి. "మందు శానా గట్టిది సామీ. ఇప్పుడు మా కోడలు కూచునేదే లేదు. పని పనే, మందు మందే." డాక్టరు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. కర్నూలు పోయినప్పుడు తన సాటి డాక్టర్లకు కూడా ఈ కేసు చెప్పుకున్నాడని విన్నాను.

సీసా నింపించుకోవడానికి లచ్చుమమ్మ మగడు రావడం మొదలైంది. వచ్చే సంతకు ముందే వచ్చేవాడు. "ఎండకు ఎగిరిపోతాందేమో సార్" అన్నాడతను. "అవును, మీ ఎండ అలాంటిది" అన్నాడు డాక్టరు. చూశారా, మందు ఎక్కువైపోతుంటే కూడా తప్పు మా ఎండదే.

ఒకసారి రబ్బరు చిట్లిందని కబురొస్తే కొత్తది బిగించడానికి నేను ఆ ఊరు పోయాను. నన్ను అరుగు దాటి లోపలికి రానిచ్చే ఇల్లు కాదది. మేం ఏ కులంలోంచి క్రీస్తు దగ్గరికి వచ్చామో వాళ్లకు తెలుసు. అరుగు మీద కూర్చున్నాను. లచ్చుమమ్మ తలుపు చాటు నుంచి గాజుగొట్టం అందించింది. ఇచ్చే చెయ్యి వణుకుతోంది.

"ఏమ్మా, చెయ్యి వణుకుతాందే?"

"ఈ మందు పీలిస్తే అంతేమ్మా. గుండె గూడా దడదడంటాది. అయినా ఊపిరాడ్తాది గదా."

లోపలి నుంచి గంగమ్మ పిలుపు. "మే లచ్చుమా! మిరపకాయలు ఎండ తప్పిపోతాండాయి, యాడ సచ్చినావే?"

నా చేతిలోంచి కొత్త బుడ్డి తీసుకుని, తలుపు వెనక్కి తిరిగి, కొంగు కప్పుకుని రెండుసార్లు నొక్కుకుంది. "వస్తాండా అత్తా" అని వెళ్లిపోయింది. కాసేపటికి రోకలి చప్పుడు, ఘాటు. అరుగు మీద ఉన్న నాకే దగ్గు ఆగలేదు.

తిరిగి వచ్చి, చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పాను. "మిరపకాయలు దంచితే ఎవరైనా దగ్గుతారు సిస్టర్" అన్నాడు, పత్రిక మీంచి తల ఎత్తకుండా.

కళ్లం

జొన్న నూర్పిళ్ల కాలం. మిట్టమధ్యాహ్నం ఆ ఊరినుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. "లచ్చుమమ్మ కళ్లంలో తూర్పార పడ్తా పడ్తా కూలబడె సార్. మాట రాలేదు. పెదాలు నల్లగైనాయి."

డాక్టరు కలిపిన అన్నం వదిలేసి లేచాడు. ఇది నేను మరిచిపోను. ఎండలో ఆ పాతకారు తానే తోలాడు.

ఇల్లు చేరితే అరుగు దగ్గర నా కాళ్లు వాటంతట అవే ఆగాయి. గంగమ్మ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, నా చెయ్యి పట్టి లాగింది. "ఈడ నిలబడితే ఎట్లమ్మా, లోపలికి రా!" నేను పోయినాక ఆ గది కడుక్కున్నారో లేదో నాకు తెలియదు, అడగలేదు. ఊపిరి ఆగిపోతుంటే మనిషికి కులం గుర్తు రాదన్నది మాత్రం ఆ రోజు చూశాను. అంతకు ముందూ తర్వాతా ఎలా గుర్తొస్తుందో నాకు అర్థం కాలేదు.

లచ్చుమమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. జుట్టునిండా జొన్నపొట్టు. మెడ నరాలు తాళ్లలాగా లేచి ఉన్నాయి. కుడిచేతిలో బుడ్డి. నోట్లో గాజుమొన పెట్టుకుని నొక్కుతూనే ఉంది. అందులో మందు లేదు. ఎప్పుడో అయిపోయింది. ఒట్టి గాలి వస్తోంది, ఆమె నొక్కుతూనే ఉంది. ఆ చేతిలోంచి బుడ్డి విడిపించడం నాకు చేతకాలేదు. డాక్టరు వద్దన్నట్టు తల ఊపి, ఎడమచేతికి సూది వేశాడు. మళ్లీ కొంతసేపటికి నరానికి ఇంకొకటి, నెమ్మదిగా, గుండె వింటూ. ఆయన చేయి మంచిదన్నాను కదా, ఆ చేతిని దేవుడే పట్టుకున్నాడు. నేను లచ్చుమమ్మ వీపు ఆనించుకుని, పెదాలు కదపకుండా ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకు పెదాలకు రంగు వచ్చింది. చెయ్యి దానంతటదే వదులై బుడ్డి ఒళ్లోకి జారింది.

"ఎన్నిసార్లు పీల్చావు?" అన్నాడు డాక్టరు.

"గుర్తు లేదు సార్," అంది, మాటకీ మాటకీ ఊపిరి తీసుకుంటూ. "లేపినప్పుడల్లా... పీలిస్తి."

డాక్టరు గంగమ్మ మీదికి తిరిగాడు. "మనుషులేనా మీరు? ఇంత ఆయాసంలో దానితో కళ్లంలో పని చేయిస్తారా?"

గంగమ్మ అప్పటిదాకా ఏడుస్తూ ఉంది. ఈ మాటకు ఏడుపు ఆగిపోయింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"నన్నంటావేంది సామీ? పొగమందు ఏసుకునే కాలంలో దాన్ని నేనెప్పుడన్నా రోకలి పట్టనిచ్చినానా? చేట ముట్టనిచ్చినానా? పథ్యంలో ఉండాదని నేనే దంచుకుంటి, నేనే చెరుక్కుంటి. నడుములు పడిపోయినా పిలవల్యా. నువ్వే గదా పథ్యం లేదంటివి! ఎంత పనైనా జేసుకోవచ్చంటివి! పథ్యం గూడా లేని రోగం ఏం రోగమని నేనే లేపితి. నువ్వు జెప్పబట్టే లేపితి!"

డాక్టరు స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ బయటికి తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చేతులు కడుక్కోవాలని పెరట్లోకి పోయి, అవసరానికి మించి నీళ్లు పోసుకున్నాడు.

లచ్చుమమ్మ నా భుజం మీదే తల పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేట్టు అంది. "అందుకేమ్మా నేను పొగ అడిగింది. పొగ ఏస్తే కాసేపు కూచుండేదాన్ని."

వంకాయ చేసిన పాపం

డాక్టరు పెరట్లోంచి వచ్చి మంచం కోడు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గొంతు మారింది. మంత్రుల ముందు మాట్లాడదామనుకున్న గొంతు అదే అయి ఉంటుంది.

"ఇక మీదట ఈ మందుకు పథ్యం ఉంది. జాగ్రత్తగా వినండి. రోజూ పడుకునే ముందు నేనిచ్చే మాత్ర వేసుకోవాలి. బుడ్డి ఆయాసం వచ్చినప్పుడే. పీల్చేది తలుపు చాటున కాదు, వసారాలో మంచం మీద కూర్చుని, అందరూ చూస్తుండగా. పీల్చాక వసారాలో ఎండ పోయి నీడ వచ్చేదాకా, నీడ ఉంటే చెమట పూర్తిగా ఆరేదాకా మంచం దిగకూడదు. కళ్లం దుమ్ము, మిరపకాయల దంపుడు, పొయ్యి పొగ, ఈ మూడూ ఇక ఎప్పటికీ పనికిరావు. పీల్చినా సర్దుకోకపోతే మళ్లీ మళ్లీ నొక్కకూడదు, నాకు కబురు పెట్టాలి."

గంగమ్మ శ్రద్ధగా వింది. తల ఊపింది. కానీ ముఖంలో నమ్మకం రాలేదు. "తినేదానికి?"

"అన్నీ తినొచ్చు."

"చింతపండు?"

"తినొచ్చు."

"ఏమీ మానకుంటే అదేం పథ్యం సామీ?"

డాక్టరు నావైపు చూశాడు. ఆయన నావైపు అలా చూడడం అదే మొదలు, అదే ఆఖరు. నేను నేల చూశాను. చదువుకున్న చదువంతా గొంతులో అడ్డం పడ్డట్టు మింగి, "సరే. వంకాయ మానండి" అన్నాడు.

"వంకాయా! అట్ల జెప్పు సామీ!" అంది గంగమ్మ. అప్పుడు నమ్మింది. "ఇంతకాలం ఈ మాట యాల జెప్పల్యా?"

కారు ఊరు దాటాక డాక్టరు అన్నాడు. "వంకాయకూ ఊపిరితిత్తులకూ ఏం సంబంధం సిస్టర్? నన్ను ఎవడైనా వింటే డిగ్రీ వెనక్కి లాక్కుంటాడు." ఆ రాత్రి నా కృతజ్ఞతల్లో ఆయన పేరు కూడా చేరింది. అంతకు ముందు ఆయన్ను ఆ వరసలో చేర్చలేదని దేవునికీ తెలుసు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇదే నేను చెప్పేది. మందు మార్చేటప్పుడు మీరు మందొక్కటే మారుస్తున్నామనుకుంటారు. పాత మందు వెంట ఆ మనిషికి ఏమేం దొరికేదో అడగండి. ఒకరికి కూర్చునే వీలు, ఒకరికి బయటి గాలి, ఒకరికి ఇంట్లో ఒక అరపూట మర్యాద. మందు తీసేస్తే వాటిని కూడా తీసేసినట్టే. కొత్త డబ్బా ఎంత మంచిదైనా అవి అందులో ఉండవు. ఇది అడగడానికి గొట్టం కూడా అక్కరలేదు. అడగకుండా "స్వల్పం" అని రాసి పంపేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కోట్లు మాత్రం తెల్లబడ్డాయి.

లచ్చుమమ్మకు ఉబ్బసం పోలేదు. అది పోయే రోగం కాదు. కానీ సీసా మళ్లీ సంత నుంచి సంత దాకా వచ్చింది, తర్వాత ఇంకా ఎక్కువ కాలం వచ్చింది. మా ఎండ ఏమీ తగ్గలేదు.

ఆ మరుసటి వేసవిలో రబ్బరు మార్చడానికి మళ్లీ ఆ ఇంటికి పోయాను. అరుగు మీదే కూర్చున్నాను, మళ్లీ పాత లెక్కే. కానీ ఈసారి వసారా అంతా కనబడుతోంది. మంచం మీద లచ్చుమమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది, పక్కన గూట్లో బుడ్డి. పెరట్లో రోలు దగ్గర గంగమ్మ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇద్దరు కూలి ఆడవాళ్లను పెట్టుకుని మిరపకాయలు దంచుతోంది. తుమ్మీ తుమ్మీ కళ్లు ఎర్రబడ్డాయి. ఎవరో చుట్టం వాకిట్లోంచి "లచ్చుమక్కా, కొంచెం నీళ్లియ్యి" అని కేకేస్తే, గంగమ్మ రోకలి ఎత్తి పట్టుకునే అరిచింది.

"దాన్ని పిలవాకండి! పథ్యంలో ఉండాది! నీళ్లు కావాలంటే కడవ ఆడుండాది, ముంచుకో!" ఆ వెంటనే పెద్ద తుమ్ము.

లచ్చుమమ్మ నావైపు చూసి నవ్వింది. "పథ్యం ఎట్లుండాదమ్మా?" అన్నాను.

"వంకాయంటే నాకు ప్రాణమమ్మా," అంది మెల్లగా. "రోజూ గుర్తొస్తాది."

"మరి డాక్టరును అడుగుదామా, అదొక్కటీ తీసేయమని?"

ఆమె గబుక్కున రోలు వైపు చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, నీకు పుణ్యముంటాది. వంకాయ పోతే పోనీ. అది తింటాండానంటే, ఇంగ నన్ను మంచం మీద ఎవరు కూచోనిస్తారు?"